హాట్ సీట్‌లో ఆ ఒక్క నిమిషం

ప్రశ్న: కౌన్ బనేగా కరోడ్‌పతి ఇన్నేళ్ల చరిత్రలో మరచిపోలేని ఘట్టాలు ఏవి? మొదటి నుంచీ చూసినవాళ్లు ఎవరైనా వివరంగా చెబుతారా? మన తెలుగు షో గురించి కూడా చెప్పండి.

జవాబు:

2000 జులై 3 రాత్రి తొమ్మిది గంటలకు స్టార్ ప్లస్‌లో ఈ హిందీ క్విజ్ షో మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు చూసినవాళ్లలో నేనొకణ్ణి. అప్పుడు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే కుర్ర లెక్చరర్‌ని. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కాలేజీల్లోనూ జిల్లా స్థాయిలోనూ క్విజ్‌లు నడిపాను, వాటికి ప్రశ్నలు రాశాను. ఎవరు ఏ సంవత్సరం ఎంత గెలిచారో మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఆ పట్టిక ఇక్కడ వేయను. నాకు గుర్తుండిపోయినవి దాదాపు అన్నీ ఒకే రకం క్షణాలు. సీట్లో ఉన్న మనిషికి జవాబు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బు తీసుకుని లేచిపోవాలా, ఆడాలా? ఆ నిమిషంలో వాళ్ల మొహం చూడటానికే నేను ఈ షో చూస్తాను.

ముందు ఆ మొదటి రాత్రి సంగతి. మా వీధిలో కేబుల్ ఉన్న రెండు మూడు ఇళ్లలో మాదొకటి. పక్కింటి పెద్దాయనకు హిందీ ఒక్క ముక్క రాదు, అయినా షో నడిపే అమితాబ్ బచ్చన్‌ని చూడాలని కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. ప్రశ్నను గబగబా తెలుగులో చెప్పడం నా పని. నేను ఆప్షన్లు పూర్తి చేసేలోపే ఆయన జవాబు చెప్పేసేవారు, సగం తప్పులే అనుకోండి. బ్రిటన్‌లో 1998 సెప్టెంబరులో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' అనే షోకి ఇది మన దేశపు రూపం. మొదట లక్ష రూపాయల షోగా 'కౌన్ బనేగా లఖ్‌పతి' అని పేరు అనుకున్నారు. లక్షతో ఎవడి ప్రాణం లేచి వస్తుందని స్టార్ యజమాని రూపర్ట్ మర్డాక్ దాన్ని కోటి చేయించారు. అప్పటికి మన టీవీలో కోటి రూపాయల బహుమతి అన్న మాటే లేదు. ఇంకో పక్క, సొంత కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి ఉన్న ఒక పెద్ద హీరో చిన్న తెర మీదకు రావడం ఏమిటని చాలామంది పెదవి విరిచారు. వారం తిరగకుండానే ఆ పెదవులన్నీ, జవాబు ఖాయం చేద్దామా అని బచ్చన్ అడిగే 'లాక్ కియా జాయే' అనడం మొదలుపెట్టాయి.

ఇక మొదటి పెద్ద ఘట్టం 2000 అక్టోబరు. ముంబైకి చెందిన హర్షవర్ధన్ నవాథే, 27 ఏళ్ల కుర్రాడు, సివిల్స్‌కి చదువుతున్నాడు. కోటి రూపాయల పదిహేనో ప్రశ్న ఇది: పార్లమెంటు కార్యకలాపాల్లో పాల్గొనడానికి రాజ్యాంగం వీరిలో ఎవరిని అనుమతిస్తుంది? సొలిసిటర్ జనరల్, అటార్నీ జనరల్, కేబినెట్ సెక్రటరీ, చీఫ్ జస్టిస్. ఈ ప్రశ్న రాసినవాళ్లకు దణ్ణం పెట్టాలి. పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలన చదివినవాడికి 88వ అధికరణం గుర్తుంటుంది: అటార్నీ జనరల్ రెండు సభల్లోనూ మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. కానీ పక్కనే సొలిసిటర్ జనరల్ అన్న పేరు పెట్టారు. ఆ పదవి రాజ్యాంగంలోనే లేదు, అయినా వినడానికి కవల పిల్లాడిలా ఉంటుంది. కోటి రూపాయలు కళ్ల ముందు ఉన్నప్పుడు ఆ కవల పిల్లాడే నిజం అనిపిస్తాడు. నవాథే తడబడలేదు, కోటి గెలిచాడు. తర్వాత వచ్చిన హడావుడిలో సివిల్స్ ప్రిపరేషన్ వెనకబడిందనీ, బ్రిటన్ వెళ్లి ఎంబీఏ చేశాననీ ఆయనే చెప్పారు. ఆ ఏడాది మా కాలేజీలో పాలిటీ పుస్తకాలు లైబ్రరీలో దొరకలేదు. నాకు తెలిసి అది మొదటిసారి, బహుశా ఆఖరుసారి కూడా.

మనవాళ్లు తరచు మరచిపోయే ఘట్టం ఒకటుంది. 2001లో పిల్లల కోసం జూనియర్ పేరుతో నడిపినప్పుడు పద్నాలుగేళ్ల రవి మోహన్ సైనీ పదిహేను ప్రశ్నలకూ జవాబు చెప్పి కోటి గెలిచాడు. వాళ్ల నాన్న నేవీలో ఉద్యోగి, ఆ అబ్బాయి అప్పుడు మన విశాఖపట్నం నేవల్ స్కూల్లో పదో తరగతి. తర్వాత డాక్టరు చదివి, సివిల్స్ రాసి, 2014 బ్యాచ్‌లో ఐపీఎస్ అయ్యాడు. పెద్దవాళ్లకూ పిల్లలకూ హాట్ సీట్‌లో ఒక తేడా ఉంటుంది. పిల్లలకు ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి కళ్ల ముందు కదలవు. అందుకే వాళ్లు ప్రశ్నను ప్రశ్నగానే చూస్తారు. మా క్విజ్‌లలో కూడా ఇంటర్ పిల్లలు డిగ్రీ వాళ్లకంటే బాగా ఆడటం ఎన్నోసార్లు చూశాను.

2005లో బహుమతి రెండు కోట్లు చేశారు, బచ్చన్ ఆరోగ్యం దెబ్బతిని 2006 మొదట్లో ఆ సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. 2007లో షారుఖ్ ఖాన్ నడిపారు. ఆయన సరదాగానే నడిపారు కానీ నాకు అదొక ఫంక్షన్‌లా అనిపించేది, పరీక్షలా అనిపించలేదు. ఈ షోకి కాస్త భయం కావాలి. బచ్చన్ గొంతులో ఆ భయం ఉంది, అదే గొంతులో ఓదార్పు కూడా ఉంది. 2010లో షో సోనీకి మారి, ఆయన పుట్టినరోజు అక్టోబరు 11న మళ్లీ మొదలైంది. ఆ సీజన్‌లోనే ఝార్ఖండ్‌లోని గిరిడీ నుంచి వచ్చిన రాహత్ తస్లీం కోటి గెలిచిన మొదటి మహిళ అయ్యారు.

అదే సీజన్‌లో నాకు నిద్ర పట్టనివ్వని ఎపిసోడ్ ఒకటుంది. గుజరాత్ యువకుడొకడు కోటి రూపాయల దాకా వచ్చాడు. ఆ పైన ఐదు కోట్ల జాక్‌పాట్ ప్రశ్న. కోటి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఆడాడు. తప్పు. తప్పయితే ఇచ్చే 3,20,000తో బయటికి నడిచాడు. తొంభై ఆరు లక్షల ఎనభై వేలు ఒక్క వాక్యంలో పోయాయి. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా ఆవిడే లేచి, 'అన్నం పెడతాను రండి' అంది.

దీన్ని అందరూ అత్యాశ అంటారు. నేను అనను. లెక్క వేసి చూడండి. కోటి చేతిలో ఉంది. కరెక్ట్ అయితే ఐదు కోట్లు, తప్పయితే 3.2 లక్షలు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెట్టినా నాలుగోవంతు అవకాశం ఉంది. సగటున చూస్తే అలాంటి ఆట విలువ కోటీ ఇరవై ఏడు లక్షలు. అంటే ఏమీ తెలియకుండా ఆడినా, కాగితం మీద, కోటి పట్టుకుని లేచిపోవడం కంటే లాభమే! అదే యాభై లక్షల నుంచి కోటికి వెళ్లేటప్పుడు దాదాపు 48 శాతం నమ్మకం కావాలి. రెండు ఆప్షన్లు తీసేయగలిగితే తప్ప ఆడకూడదు. కాబట్టి చూసేవాళ్లకు తెలియని విషయం ఏమిటంటే, కోటి దగ్గర కంటే జాక్‌పాట్ దగ్గర ఆడటమే లెక్క ప్రకారం తేలిక. కానీ సగటు అనేది వందసార్లు ఆడేవాడికి. హాట్ సీట్ మీద మనిషి జీవితంలో ఒక్కసారే కూర్చుంటాడు. మొదటి కోటితో ఇల్లు, పిల్లల చదువు, అప్పు అన్నీ తీరిపోతాయి. ఐదో కోటి చేసే పని మొదటి కోటి చేసినంత ఉండదు. ఆ గుజరాత్ కుర్రాడు కాగితం మీద సరిగ్గానే ఆడాడు, బతుకు మీద తప్పుగా ఆడాడు. ఆ రెంటి మధ్య ఉన్న సందులోనే ఈ షో అంతా నడుస్తుంది.

అన్నట్టు, ఎంత గెలిచినా అంతా చేతికి రాదు. గేమ్ షో బహుమతి మీద ముప్పై శాతం పన్ను, దాని పైన సర్‌చార్జీ, సెస్సు. చానల్ వాళ్లు ముందే కోసి ఇస్తారు.

ఆ తర్వాతి ఏడాదే, 2011లో, సుశీల్ కుమార్. బిహార్‌లోని మోతిహారీ, ఉపాధి హామీ పథకంలో కంప్యూటర్ ఆపరేటర్, నెలకు ఆరు వేల చుట్టూ జీతం. ఈ షోలో ఐదు కోట్లు గెలిచిన మొదటి మనిషి. చివరి ప్రశ్న నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 1868 అక్టోబరులో నికోబార్ దీవుల హక్కులను బ్రిటిషువారికి అమ్మి, భారతదేశంతో తన సంబంధాన్ని ముగించుకున్న వలస రాజ్యం ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్.

మీకు జవాబు తెలియదనుకోండి. నేను నా విద్యార్థులకు ఈ ప్రశ్న ఇచ్చి, తెలియకుండా ఎలా పట్టుకోవాలో చెప్పించేవాణ్ణి. ముందు ఫ్రాన్స్ తీసేయాలి. గోదావరి జిల్లాల పిల్లాడికి అది చిటికెలో పని. కాకినాడ పక్కన యానాం ఎవరిది? 1954 దాకా ఫ్రెంచి వాళ్లదే. మరి 1868లో వాళ్లు సంబంధం ముగించుకోవడం ఏమిటి? బెల్జియం అనే దేశం పుట్టిందే 1830లో, ఇక్కడ దానికి స్థావరాలు లేవు. ఇటలీ ఒక్క దేశంగా కలిసింది 1861లో. ఇక మిగిలింది డెన్మార్క్. వాళ్లు 1620 నుంచి తమిళ తీరంలో తరంగంబాడిలో ఉన్నారు, బెంగాల్లో శ్రీరాంపూర్ కూడా వాళ్లదే. రెండూ 1845లో ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు. మిగిలిన ముక్క నికోబార్. ఈ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇటలీ. ఎందుకంటే 1860లలో ఇటలీ నిజంగానే డెన్మార్క్ దగ్గర ఈ దీవులు కొనాలని ప్రయత్నించింది. సగం చరిత్ర తెలిసినవాణ్ణి పడగొట్టడానికి ఇంతకంటే మంచి గొయ్యి తవ్వలేం.

సుశీల్ కుమార్ డెన్మార్క్ అన్నాడు. తర్వాత సంగతి చాలామంది చూడలేదు. 2020లో ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. గెలిచాక విలేకరులు ఏం చేస్తున్నావని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలని వ్యాపారాల్లో డబ్బు పెట్టడం, అవి మునిగిపోవడం, దానాల పేరుతో మోసపోవడం, ఇంట్లో గొడవలు, తాగుడు. ఆ రాత నేను రెండుసార్లు చదివాను. తర్వాత ఆయన చంపారణ్‌లో ఊరూరా చంపా మొక్కలు నాటించడం, పిచ్చుకలకు గూళ్లు పెట్టించడం మొదలుపెట్టారు, టీచరు ఉద్యోగం వైపు వెళ్లారు. ఐదు కోట్లు గెలిచిన ఎపిసోడ్ కంటే ఆ పోస్టే నాకు పెద్ద ఘట్టం. మీరు ఘట్టాలు అడిగారు కాబట్టి దాన్ని కూడా కలిపేశాను.

2014లో బహుమతిని అన్నదమ్ములు అచిన్, సార్థక్ నరూలా ఏడు కోట్లకు తీసుకెళ్లారు. ఇద్దరు కలిసి కూర్చుంటే ధైర్యం రెట్టింపవుతుంది, తప్పు కూడా రెట్టింపవుతుంది. వాళ్లకు మొదటిదే అయింది.

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన సీజన్ 2019ది. మహారాష్ట్రలోని అమరావతి జిల్లా నుంచి బబితా తాడే వచ్చారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె, నెలకు 1,500 జీతం. కోటి గెలిచారు. గెలిచిన డబ్బుతో ఏం కొనుక్కుంటారని అడిగితే ఒక మొబైల్ ఫోన్ అన్నారు, ఇంట్లో అందరికీ కలిపి ఒక్కటే ఉందట. ఇలాంటి వాటిని టీవీ వాళ్లు సంగీతం పెట్టి ఏడిపిస్తారు, నాకు ఆ సంగీతం నచ్చదు. కానీ ఆమె మాట తీరు చూసి నేను సౌండ్ తగ్గించలేదు. వంట పని మానను అని కూడా చెప్పారామె.

అదే సీజన్‌లో బిహార్ కుర్రాడు సనోజ్ రాజ్ కోటి గెలిచి ఏడు కోట్ల ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ తన వందో ఫస్ట్ క్లాస్ సెంచరీ పరుగును ఏ భారత బౌలర్ మీద తీశాడు? జవాబు గోగుమల్ కిషన్‌చంద్. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న తేనెపట్టు. 1947 నవంబరులో సిడ్నీలో బ్రాడ్‌మన్ 99 మీద ఉండగా, భారత కెప్టెన్ లాలా అమర్‌నాథ్ ఆ టూర్‌లో అప్పటిదాకా బంతి పట్టని కిషన్‌చంద్‌కి ఓవర్ ఇచ్చాడు. కిషన్‌చంద్ అసలు బౌలరే కాదు, బ్యాట్స్‌మన్. కాబట్టి బౌలర్ల పేర్లు ఎంత బాగా తెలిస్తే జవాబుకు అంత దూరం వెళ్లిపోతారు! సనోజ్ ఆగిపోవడం సరైన పనే.

ఇక్కడ ఈ షోలో నాకు కొంచెం క్రూరంగా అనిపించే ఆచారం ఒకటుంది. పోటీదారు క్విట్, అంటే ఇక ఆడను అన్నాక బచ్చన్ 'ఊరికే చెప్పండి, ఆడి ఉంటే ఏది పెట్టేవారు?' అని అడుగుతారు. పోటీదారు ఒకటి అంటాడు. అది తప్పయితే మొహం వెలిగిపోతుంది. కరెక్ట్ అయితే, చేతిలో కోటి చెక్కు ఉన్న మనిషి ఓడిపోయినవాడిలా నవ్వుతాడు. నేను ఎదురుచూసేది ఆ నవ్వు కోసమే. క్రూరమని అంటూనే ఎదురుచూస్తాను మరి.

2021లో ఆగ్రా టీచర్ హిమానీ బుందేలా కోటి గెలిచారు. చూపు లేనివాళ్లలో ఆ ఘనత సాధించిన మొదటి మనిషి ఆమె. స్క్రీన్ మీద ఆప్షన్లు కళ్లతో తిరిగి తిరిగి చూసుకునే వీలు లేదు, చెవితో విని మనసులో నిలుపుకోవాలి. మేము కళ్లు ఉండి కూడా ప్రశ్న రెండోసారి చదవమంటాం.

ఈ షో విదేశీ చుట్టాల కథలు రెండు చెప్పకపోతే కుదరదు. అమెరికా 'మిలియనీర్' షోలో 1999 నవంబరు 19న జాన్ కార్పెంటర్ అనే పన్నుల శాఖ ఉద్యోగి అప్పటిదాకా ఒక్క లైఫ్‌లైన్ (సాయం తీసుకునే అవకాశం) కూడా వాడలేదు. పది లక్షల డాలర్ల ప్రశ్న దగ్గర ఫోన్ లైఫ్‌లైన్ తీసుకుని నాన్నకు ఫోన్ చేశాడు. సాయం అడగడానికి కాదట, 'నేను గెలవబోతున్నాను నాన్నా' అని చెప్పడానికి. ఇంకోటి బ్రిటన్‌లో, 2001లో. చార్లెస్ ఇంగ్రామ్ అనే సైన్యపు మేజర్ పది లక్షల పౌండ్లు గెలిచాడు కానీ సరైన ఆప్షన్ పలికినప్పుడల్లా స్టూడియోలో ఎవరో దగ్గుతున్నారని నిర్వాహకులు పట్టుకున్నారు. చెక్కు ఆపేశారు, 2003లో కోర్టు మోసమని తేల్చింది. ఆ తర్వాత నా క్విజ్‌లలో జలుబు చేసిన పిల్లలు వస్తే మిగతా జట్లు నా వైపు అదోలా చూసేవి.

ఇక తెలుగు. 2014 జూన్‌లో 'మా టీవీ' చానల్‌లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలుపెట్టారు, 2017లో చిరంజీవి చేశారు, 2021లో జెమినీ టీవీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు'. తెలుగులో రావడం వల్ల పెద్ద మార్పు ఏమిటంటే, హిందీ భయం లేకుండా మన పల్లెల వాళ్లు వచ్చి కూర్చున్నారు. నా అనువాదం పని కూడా పోయింది. అయితే సినిమా ప్రశ్నలు కొంచెం ఎక్కువే అని నా ఫిర్యాదు.

2021 నవంబరులో ఎన్టీఆర్ షోలోనే కొత్తగూడెం జిల్లాకు చెందిన సబ్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన కోటి గెలిచారు. కోటి రూపాయల ప్రశ్న 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఏ కమిషన్ సిఫారసుల మీద వచ్చిందని. జవాబు ఫజల్ అలీ కమిషన్. తెలుగువాళ్లకు ఇంతకంటే తగిన ప్రశ్న ఉండదు. మనల్ని ఒక రాష్ట్రంగా కలిపింది ఆ చట్టమే. తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, తర్వాత అక్కడి సభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపవచ్చని చెప్పింది ఆ కమిషనే. ఇరుకైన చోట ఆప్షన్లు కూడా బాగా పెట్టారు, శ్రీకృష్ణ కమిషన్ పేరు అందులో ఉంది. మన రాష్ట్రం అనగానే 2010 నాటి ఆ పేరే ముందు నోటికి వస్తుంది. సంవత్సరం చూసుకున్నవాడే బయటపడతాడు.

సంవత్సరం అంటే గుర్తొచ్చింది. ఒకసారి జిల్లా క్విజ్ ఫైనల్లో నేనే 'ఆంధ్ర మొదటి ముఖ్యమంత్రి ఎవరు?' అని అడిగి, టంగుటూరి ప్రకాశం, నీలం సంజీవరెడ్డి ఇద్దరినీ ఆప్షన్లలో పెట్టాను. 1953 నాటి ఆంధ్ర రాష్ట్రం నా ఉద్దేశం. ఒక జట్టు సంజీవరెడ్డి అంది. నేను తప్పన్నాను. వాళ్ల లెక్చరర్ లేచి, 'ఆంధ్రప్రదేశ్‌ని మీరు ఆంధ్ర అనరా?' అని అడిగాడు. హాలంతా అరుపులు. ఆ ప్రశ్న రద్దు చేసి ఇంకోటి అడగాల్సి వచ్చింది. అప్పటి నుంచి టీవీలో ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు జవాబు వెతకను, ప్రశ్నలో ఏ మాట మీద రాసినవాడు కాలు మోపాడో చూస్తాను. ప్రకాశం, సంజీవరెడ్డి పేర్లు ఎక్కడ కలిసి కనిపించినా ఇప్పటికీ నాకు చెమటలే.

చివరిగా, మీరు ఎప్పుడైనా హాట్ సీట్ దాకా వెళితే ఒక్క సలహా. ఆడియన్స్ పోల్‌ని, అంటే హాల్లోవాళ్ల ఓటు అడిగే లైఫ్‌లైన్‌ని, తేలిక ప్రశ్నల దగ్గరే వాడేయండి, పైకి వెళ్లే కొద్దీ హాల్లో వాళ్లకు కూడా మీకు తెలిసినంతే తెలుస్తుంది. ఫోన్‌లో సాయం చేసే ఫ్రెండ్‌గా మీకు తెలిసిన పెద్ద మేధావిని పెట్టుకోకండి. ఇచ్చేది ముప్పై సెకన్లు, మేధావి అందులో ఇరవై సెకన్లు 'అది ఏమిటంటే...' అంటూ గడిపేస్తాడు. నేనైతే మా బావమరిది పేరు ఇస్తాను. వాడికి తెలిసింది తక్కువే కానీ, తెలియకపోతే 'తెలీదు బావా' అని రెండు సెకన్లలో ఫోన్ పెట్టేస్తాడు.